‘జీరో చూస్కోండి అన్నా’... ఆ ఒక్క మాట వెనక 140 ఏళ్ల కథ

పోయిన వానాకాలం. రాత్రి పదిన్నర. ఆఫీసు నుంచి ఇంటికెళ్తూ హైదరాబాద్‌లో ఓ పెట్రోల్ బంకు దగ్గర బైక్ ఆపాను. పంపు దగ్గరున్న కుర్రాడికి ఇరవై ఏళ్లు కూడా ఉండవేమో. "జీరో చూస్కోండి అన్నా" అన్నాడు. నేను ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "ఆఁ, ఐదొందలకి కొట్టు" అన్నాను.

కొట్టాడు. స్కాన్ చేసి డబ్బులు వేశాను. బండి స్టార్ట్ చేసి చూస్తే ఫ్యూయల్ ముల్లు అసలు కదల్లేదు. ఐదొందలకి నాలుగున్నర లీటర్ల పైన రావాలి. ముల్లేమో రిజర్వ్ దగ్గరే ఊగుతోంది.

అంతే, ఎక్కడలేని కోపం వచ్చింది. "చిప్ పెట్టారా? ఎంత నొక్కేశారు?" అని గట్టిగా అరిచాను. లైన్లో వెనకున్న ఇద్దరు ఫోన్లు తీసి వీడియో మొదలుపెట్టారు. కుర్రాడు మాత్రం ఒకటే మాట: "జీరో చూపించా కదన్నా."

మేనేజర్ వచ్చాడు. వాదించలేదు. లోపలికెళ్లి ఓ లోహపు పాత్ర తెచ్చాడు. సన్నటి మెడ, మెడ మీద గీతలు, పక్కన ప్రభుత్వ ముద్ర. ఐదు లీటర్ల కొలత పాత్ర అది. అదే నాజిల్‌తో ఐదు లీటర్లు పట్టించి, నన్ను వంగి గీత చూడమన్నాడు. పది మిల్లీలీటర్లు తక్కువ. రూల్ ప్రకారం ఐదు లీటర్లకి 25 మిల్లీలీటర్ల దాకా తేడా ఉండొచ్చు. అంటే పంపు కరెక్టే.

మర్నాడు మెకానిక్ చూసి తేల్చేశాడు. "ట్యాంకులో ఫ్లోట్ ఇరుక్కుంది అన్నా. పెట్రోలు ఉంది, ముల్లే లేవట్లేదు."

రోజూ కోడ్‌లో బగ్స్ వెతికే ఉద్యోగం నాది. డేటా తప్పా, డిస్‌ప్లే తప్పా అని ముందు చూడాలని జూనియర్లకి చెప్తుంటాను. ఆ రాత్రి మాత్రం ఆ ఒక్క నిమిషం కూడా ఆగకుండా నేరుగా మనిషి మీద పడ్డాను.

కొలత పాత్ర నిండుతున్నంతసేపూ ఆ కుర్రాడి ముఖం చూడలేక పంపు మీదున్న కంపెనీ పేరు చూస్తూ నిలబడ్డాను. గిల్‌బార్కో వీడర్-రూట్. మీ బంకులో వేన్ అనో, టోక్‌హైమ్ అనో ఉండొచ్చు. ఇంటికెళ్లాక నిద్ర పట్టక ఆ పేర్లు వెతికాను. అవి నన్ను అమెరికాలో ఓ చిన్న ఊరికి, ఓ కిరాణా కొట్టుకి తీసుకెళ్లాయి. చదివేకొద్దీ ఒకటి అర్థమైంది. ఈ మెషీన్‌లోని ముఖ్యమైన భాగాలన్నీ నాలాంటి అనుమానపు కస్టమర్‌ని దృష్టిలో పెట్టుకుని పుట్టినవే.

మొదటి ‘బంకు’ ఒక మందుల షాపు

ముందు జర్మనీ వెళ్దాం. 1888 ఆగస్టు. కారు కనిపెట్టిన కార్ల్ బెంజ్ భార్య బెర్తా బెంజ్, భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని ఆయన కారులో పుట్టింటికి బయల్దేరింది. మాన్‌హైమ్ నుంచి ఫోర్త్స్‌హైమ్‌కి, వంద కిలోమీటర్ల పైమాటే. కారులో అంత దూరం అప్పటిదాకా ఎవరూ వెళ్లలేదు.

దారిలో ఇంధనం అయిపోవచ్చింది. బంకు అనే మాటే లేని రోజులు. వీస్‌లోఖ్ అనే ఊళ్లో మందుల షాపు ముందు ఆపి లిగ్రోయిన్ అడిగింది. బట్టల మీద మరకలు తుడవడానికి వాడే పెట్రోలియం ద్రావకం అది. చిన్న చిన్న సీసాల్లో అమ్మేవాళ్లు. షాపులో ఉన్నదంతా కొనేసి ట్యాంకులో పోసింది. ఆ షాపుని ఇప్పటికీ ‘ప్రపంచంలో మొదటి ఫిల్లింగ్ స్టేషన్’ అని చెప్పుకుంటారు.

మందుల షాపులో ఎందుకు దొరికింది? అప్పటికి పెట్రోలుకి పెద్ద విలువ లేదు. ముడిచమురు శుద్ధి చేసేది దీపాల కిరోసిన్ కోసం. ఆ క్రమంలో వచ్చే పెట్రోలు త్వరగా ఆవిరైపోతుంది, త్వరగా అంటుకుంటుంది. దాన్ని దీపంలో పోస్తే ఇల్లు కాలుతుంది. అందుకే అమెరికాలో చాలా రిఫైనరీలు దాన్ని నదుల్లో పారబోసేవి. ఇవాళ లీటరు వంద దాటి కొంటున్నది ఒకప్పుడు చెత్త.

వెన్నలో కిరోసిన్ వాసన

ఇప్పుడు ఆ చిన్న ఊరు. అమెరికాలో ఇండియానా రాష్ట్రం, ఫోర్ట్ వేన్. 1885. అక్కడ జేక్ గంపర్ అనే కిరాణా వ్యాపారి ఉన్నాడు. మన పాత కిరాణా కొట్లలాగే అన్నీ పక్కపక్కనే. ఒక పీపాలో కిరోసిన్, దాని పక్క పీపాలో వెన్న. కిరోసిన్ కారి వెన్నకి పట్టిందనీ, కొన్నామె తిరిగొచ్చి గొడవ చేసిందనీ కథ.

ఆ సమస్య తీర్చడానికి సిల్వానస్ బౌజర్ అనే ఆయన ఓ పరికరం తయారుచేశాడు. పీపా లోపల ఓ గొట్టం, దానిలో పైకీ కిందకీ ఆడే చెక్క పిస్టన్, వాల్వులుగా రాతి గోళీలు. గోళీ సోడా తాగారుగా? లోపలి గ్యాస్ గోళీని పైకి నొక్కి మూత బిగిస్తుంది. ఇక్కడా అలాంటి పనే. పిస్టన్ లాగితే గోళీ లేచి కిరోసిన్‌కి దారిస్తుంది, వదిలితే కూర్చుని వెనక్కి పోకుండా ఆపుతుంది. పీపా వంచక్కర్లేదు, గరిటెతో ముంచక్కర్లేదు, కారదు. 1885 సెప్టెంబర్ 5న మొదటి పంపు గంపర్ కొట్టుకి చేరింది.

గమనించారా? కార్ల్ బెంజ్ కారుకి పేటెంట్ దరఖాస్తు పెట్టింది 1886 జనవరిలో. అంటే పంపు, కారు పేటెంట్ కంటే ముందే పుట్టింది.

కార్లు రోడ్డెక్కాక బౌజర్ దాన్నే మార్చాడు. 1905లో ఆయన కంపెనీ పెట్రోలు పంపు తెచ్చింది. చెక్క అల్మరా లాంటి పెట్టెలో ఇనుప ట్యాంకు, చేత్తో ఆడించే పంపు, నేరుగా కారు ట్యాంకులోకి వెళ్లే రబ్బరు గొట్టం. అది ఎంత పాపులర్ అయిందంటే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఇప్పటికీ పెట్రోల్ పంపుని ‘బౌజర్’ అనే అంటారు. మన దగ్గర కూడా సైట్లకి, ఫ్యాక్టరీలకి డీజిల్ తెచ్చి పోసే లారీని బౌజర్ అంటారు. ఆ పేరు ఓ మనిషిదని నాకు ఇన్నాళ్లూ తెలీదు.

తర్వాత వేన్, టోక్‌హైమ్ కంపెనీలు కూడా ఇదే ఫోర్ట్ వేన్‌లో పంపులు తయారుచేశాయి. మన బంకుల్లో కనిపించే పేర్లలో రెండిటికి ఈ ఒక్క ఊరితో సంబంధం ఉంది.

గరాటు, తోలుగుడ్డ, కొలకర్ర

1900లో అమెరికా మొత్తం మీద ఉన్న కార్లు 8 వేలు. 1910కి 4 లక్షల 58 వేలు. 1920కి 80 లక్షల పైనే. ఇన్ని కార్లకి పెట్రోలు పోయడం ఎలా?

మొదట్లో ఒక్కటే దారి. కిరాణా కొట్టుకో, హార్డ్‌వేర్ షాపుకో వెళ్లాలి. షాపువాడు వెనకున్న పీపాలోంచి డబ్బాకి పడతాడు. మనం గరాటు పెట్టి, దాని మీద మెత్తటి తోలుగుడ్డ పరిచి పోసుకోవాలి. నీళ్లూ, చెత్తా ఆ తోలు దగ్గరే ఆగిపోతాయి. కల్తీ భయం అప్పుడే మొదలైందన్నమాట.

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ కారులో పెట్రోలు ట్యాంకు ముందు సీటు కింద ఉండేది. పెట్రోలు పోయాలంటే దిగి సీటు ఎత్తాలి. ఫ్యూయల్ ముల్లు లేదు. ఎంత ఉందో చూడాలంటే గీతలున్న పుల్ల ముంచి చూసుకోవాలి. ఇరుక్కోడానికి ఫ్లోటే లేదు. నా గొడవ ఆ కాలంలో అయితే జరిగేదే కాదు.

1905లో సెయింట్ లూయిస్‌లో ఇద్దరు వ్యాపారులు ఎత్తులో ట్యాంకు పెట్టి, తోటకి నీళ్లు పట్టే గొట్టం తగిలించి కార్లకి పోయడం మొదలుపెట్టారు. కార్ల కోసం పెట్టిన తొలి స్టేషన్లలో అదొకటి. ఆ తర్వాత రోడ్డు పక్కన, ఫుట్‌పాత్ అంచున పంపులు మొలిచాయి. కారు రోడ్డు మీదే ఆగుతుంది, వెనక ట్రాఫిక్ జామ్. పైగా జనం నడిచే చోట పెట్రోలు. అగ్ని ప్రమాదాల భయంతో చాలా నగరాలు వాటిని నిషేధించడం మొదలుపెట్టాయి. అప్పుడు ఆలోచన మారింది. పంపు రోడ్డు పక్కకి రావడం కాదు, కారే పంపు ఉన్న స్థలంలోకి రావాలి.

మొదటి రోజు అమ్మకం: 30 గాలన్లు

1913 డిసెంబర్ 1. పిట్స్‌బర్గ్‌లో బామ్ బూలెవార్డ్ మీద గల్ఫ్ రిఫైనింగ్ కంపెనీ ఓ స్టేషన్ తెరిచింది. (మనవాళ్లు వెళ్లే గల్ఫ్ కాదు, కంపెనీ పేరే గల్ఫ్.) గుడి మండపంలా చుట్టూ తెరిచి ఉన్న కట్టడం, పైన కప్పు, కింద పంపులు. ఒక పక్క నుంచి కారు లోపలికొచ్చి ఇంకో పక్క నుంచి వెళ్లిపోతుంది. ఇవాళ మనం చూసే బంకు ఆకారం ఇదే.

గాలన్, అంటే మన లెక్కలో 3.78 లీటర్లు, 27 సెంట్లు. మొదటి రోజు అమ్మింది 30 గాలన్లు. సుమారు 113 లీటర్లు. ఇవాళ మన బంకులో నాలుగు కార్లు ఫుల్ ట్యాంక్ కొట్టిస్తే దాదాపు అంతే. మొదటి శనివారానికే అమ్మకం 350 గాలన్లకి చేరింది.

కానీ అక్కడ అమ్మింది పెట్రోలు ఒక్కటే కాదు. టైర్లకి గాలి ఫ్రీ. రేడియేటర్‌కి నీళ్లు ఫ్రీ. కొద్ది రోజులకి రోడ్డు మ్యాపులు కూడా ఫ్రీగా పంచారు. రాత్రంతా తెరిచే ఉండేది. ఎందుకంత మర్యాద? పెట్రోలు ఎవరిదైనా చూడ్డానికి ఒకటే. పక్క కంపెనీ వాడి పెట్రోలుకీ నా పెట్రోలుకీ తేడా కస్టమర్‌కి కనిపించదు. కాబట్టి కనిపించేవి మార్చాలి. భవనం, బోర్డు, యూనిఫాం, శుభ్రమైన టాయిలెట్. తర్వాత రోజుల్లో ప్యూర్ ఆయిల్ అనే కంపెనీ తన స్టేషన్లని పొగగొట్టంతో సహా ఇంగ్లండ్ పల్లెటూరి ఇళ్లలా కట్టించింది. నార్త్ కరోలినాలోని విన్‌స్టన్-సేలంలో 1930లో కట్టిన శంఖం ఆకారపు షెల్ స్టేషన్ ఇప్పటికీ ఉంది. ‘ఇల్లు లాంటి చోటు, మమ్మల్ని నమ్మండి’ అని చెప్పడమే వీటన్నిటి పని.

అయితే ఆ నమ్మకం అందరికీ దొరకలేదు. అమెరికాలో చాలా స్టేషన్లలో నల్లజాతి ప్రయాణికుల డబ్బు తీసుకునేవాళ్లు కానీ టాయిలెట్ వాడనిచ్చేవాళ్లు కాదు. కొన్నిచోట్ల పెట్రోలే పోసేవాళ్లు కాదు. అందుకే వాళ్లు కారులో అదనపు డబ్బా పెట్రోలు పెట్టుకుని తిరిగేవాళ్లు. 1936లో న్యూయార్క్‌కి చెందిన పోస్ట్‌మ్యాన్ విక్టర్ హ్యూగో గ్రీన్, ఎక్కడ ఆగితే అవమానం జరగదో చెప్పే ‘గ్రీన్ బుక్’ అచ్చువేయడం మొదలుపెట్టాడు. ఆ పుస్తకం ఎక్కువగా పంచింది ఎస్సో పెట్రోల్ స్టేషన్లే. కంపెనీల ఫ్రీ మ్యాప్ దారి చూపిస్తే, ఈ పుస్తకం ఆ దారిలో ఎక్కడ ఆగొచ్చో చూపించింది.

అద్దంలో పెట్రోలు

ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. కొలత.

తొలినాటి పంపులో లోపల ఏం జరుగుతోందో బయటికి కనిపించేది కాదు. హ్యాండిల్ పూర్తిగా ఒకసారి లాగితే ఇంత అని లెక్క. కానీ పోసేవాడు సగంలో ఆపితే? లోపల వాల్వు లీకై కొంత వెనక్కి పోతే? కారులో కూర్చున్నవాడికి తెలిసే దారి లేదు. జనం వీటిని ‘గుడ్డి పంపులు’ అన్నారు. తిట్టు అర్థమైందిగా.

దానికి 1910ల్లో సమాధానం వచ్చింది. పంపు నెత్తిన ఓ పెద్ద గాజు సిలిండర్. అందులో పైనుంచి కిందకి గాలన్ల గుర్తులు. పెట్రోలు పోసేవాడు పొడవాటి లివర్‌ని అటూ ఇటూ ఆడిస్తే నేల కింది ట్యాంకు నుంచి పెట్రోలు గాజులోకి ఎక్కుతుంది. ఐదు గాలన్లు కావాలంటే ఐదో గుర్తు దాకా. మీరు కళ్లారా చూస్తారు. తర్వాత గొట్టం తెరిస్తే బరువుకి అదే కిందికి దిగి మీ ట్యాంకులో పడుతుంది. మోటారు లేదు, మీటర్ లేదు, కరెంటు కూడా అక్కర్లేదు. 1920ల్లో అమెరికా రోడ్ల మీద ఇవే రాజ్యమేలాయి. మనిషి కంటే ఎత్తు, పైన కంపెనీ పేరుతో రాత్రి వెలిగే గాజు బుడ్డి. పాత ఫొటోల్లో చూస్తే దీపస్తంభాల్లా ఉంటాయి.

నాకు ఈ డిజైన్ చాలా నచ్చింది. ‘నమ్ము’ అనలేదు, ‘చూసుకో’ అంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఓపెన్ సోర్స్ పంపు.

కానీ దీన్లోనూ లొసుగులున్నాయి. గాజు ఖాళీ అయినా పొడవాటి గొట్టంలో కొంత మిగిలిపోతుంది. దాన్ని ఎత్తి పట్టుకుని పూర్తిగా దించకపోతే ఆ మిగిలింది వచ్చే కస్టమర్‌కి పోతుంది. పైగా స్పీడు తక్కువ. ప్రతి కారుకీ లివర్ ఆడించాలి, నిండేదాకా ఆగాలి. కార్లు లక్షలు దాటాక అది కుదరదు.

ఎర్రటి పెట్రోలు చెప్పని నిజం

గాజు సిలిండర్ కాలంలోనే ఇంకో కథ నడిచింది. ఇది చదివాక నాకు ఆ పంపు మీద మోజు సగం తగ్గింది.

1921 డిసెంబర్‌లో జనరల్ మోటార్స్‌లో పనిచేసే థామస్ మిడ్జ్‌లీ బృందం, పెట్రోలులో టెట్రాఇథైల్ లెడ్ కలిపితే ఇంజిన్‌లో టకటకమనే కొట్టుడు ఆగుతుందని కనిపెట్టింది. లెడ్ అంటే సీసం. విషమని అప్పటికే అందరికీ తెలుసు. 1923 ఫిబ్రవరిలో ఒహాయోలోని డేటన్‌లో ఓ స్టేషన్‌లో దాన్ని అమ్మడం మొదలుపెట్టారు. పేరు ‘ఇథైల్’. పేరులో సీసం అనే మాటే లేదు. పెట్రోలుకి ఎర్ర రంగు కలిపారు. గాజు సిలిండర్‌లో అందంగా మెరిసేది.

1924 అక్టోబర్‌లో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో, ఆ సీసం ద్రావకం తయారుచేసే కార్మికులు మతి చలించి, లేనివి కనపడి, ఐదుగురు చనిపోయారు. 1925లో అమ్మకం ఆపారు. ప్రభుత్వ కమిటీ వేశారు. 1926లో మళ్లీ అమ్మకం మొదలైంది. ఆ తర్వాత దశాబ్దాల పాటు ప్రపంచమంతా ఆ పొగ పీల్చింది. ఎక్కువ దెబ్బ పిల్లల మెదడు మీద. మన దేశంలో సీసం పెట్రోలు పూర్తిగా ఆగింది 2000లో. ప్రపంచంలో చివరగా ఆపిన దేశం అల్జీరియా, 2021లో. అంటే మొన్న మొన్న.

గాజులోంచి కస్టమర్ ఐదు గాలన్లు ఉన్నాయా లేదా చూసుకున్నాడు. శుభ్రంగా ఉందా చూసుకున్నాడు. అన్నీ కరెక్టే. లోపలున్న విషం మాత్రం గాజులోంచి కనపడదు.

పళ్ల చక్రాల కంప్యూటర్

1920ల చివర్లో మీటర్ పంపులు వచ్చాయి. గాజు సిలిండర్ పోయింది. కానీ జనం ఊరుకుంటారా? ‘పెట్రోలు వస్తోందో గాలి వస్తోందో మాకెలా తెలుస్తుంది?’ అన్నారు. అందుకని మీటర్ పంపుకి పిడికెడంత గాజు కిటికీ పెట్టారు. పెట్రోలు పారుతుంటే అందులో చిన్న చక్రం గిర్రున తిరిగేది. ఆ చక్రం కొలిచేదేమీ లేదు. కొన్నవాడి మనశ్శాంతి కోసం అంతే. యాప్‌లో లోడింగ్ బొమ్మ తిరుగుతుంటుంది చూడండి, దానికి తాతయ్య.

1930ల మొదట్లో అసలైన విప్లవం వచ్చింది. అప్పటిదాకా గాలన్లే కనిపించేవి. ఎంత డబ్బయిందో పోసేవాడు పట్టిక చూసో, మనసులోనో లెక్కేసేవాడు. అక్కడో కొత్త అనుమానం. వేన్ కంపెనీ పంపులో వీడర్-రూట్ తయారుచేసిన లెక్కల యంత్రం పెట్టారు. దాని పేరే ‘కంప్యూటర్’. మన కంప్యూటర్ ఇంకా పుట్టలేదు. ఇందులో చిప్ లేదు, కరెంటు లేదు. అన్నీ పళ్ల చక్రాలే. పెట్రోలు పారితే మీటర్ తిరుగుతుంది, మీటర్ చక్రాన్ని తిప్పుతుంది. గాలన్ ధర ఎంతో ఆ నిష్పత్తిలో పళ్లున్న చక్రాలు జోడిస్తే పక్కనున్న డబ్బుల అంకెలు అదే లెక్కన తిరుగుతాయి. గుణకారం మొత్తం ఇనుముతో. ధర మారితే చక్రాల జోడింపు మారుస్తారు.

ఒకరికి పోశాక పక్కనున్న హ్యాండిల్ తిప్పితే అంకెలన్నీ మళ్లీ సున్నాకి వస్తాయి. మన ‘జీరో’ అంటే ఇదే. ముందు కస్టమర్ అంకె మీద మన పెట్రోలు మొదలుపెట్టకుండా ఉండటానికి.

ఆ యంత్రంలో ఓ బగ్ ఉంది. చెప్తే నవ్వుతారు. గాలన్ ధర చూపించే చోట అంకెల చక్రాలు మూడే. అంటే గరిష్ఠం 99.9 సెంట్లు. గాలన్ డాలర్ అవుతుందని 1930ల్లో ఎవరు ఊహిస్తారు? 1979 చమురు సంక్షోభంలో అయింది. వేల పంపులు ఆ ధర చూపించలేకపోయాయి. అప్పుడు స్టేషన్ల వాళ్లు సగం గాలన్ ధర పెట్టి, వచ్చిన మొత్తాన్ని రెట్టింపు చేసి వసూలు చేశారు. వైటూకే గురించి మనం కథలు కథలుగా విన్నాం. అలాంటిదే ఇరవై ఏళ్ల ముందు ఇనుప చక్రాల్లో జరిగిందన్నమాట.

జీరో చూస్తే సరిపోతుందా?

ఇప్పుడు మళ్లీ మన బంకుకి. లోపల మీటర్ ఇప్పటికీ తిరుగుతుంది. అయితే పళ్ల చక్రాల బదులు పల్సర్ అనే పరికరం, తిరిగిన కొద్దీ ఎలక్ట్రానిక్ పల్సులు పంపుతుంది. బోర్డు ఆ పల్సుల్ని లెక్కపెట్టి లీటర్లు, రూపాయలు చూపిస్తుంది.

మోసం చేసేవాడు పట్టుకునేది సరిగ్గా అక్కడే. మధ్యలో ఓ చిప్ పెట్టి, రాని పెట్రోలుకి కూడా పల్సులు లెక్కపడేలా చేస్తాడు. 2017 ఏప్రిల్‌లో లక్నోలో ఉత్తరప్రదేశ్ ఎస్టీఎఫ్ పోలీసులు ఇలాంటి చిప్‌లు, వాటి రిమోట్లు పట్టుకున్నారు. 2020 సెప్టెంబర్‌లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు చోట్లా బంకుల్లో చిప్‌లు పెట్టింది. కాబట్టి నా అనుమానం గాల్లోంచి పుట్టింది కాదు.

కానీ ఒకటి ఆలోచించండి. ఇలా చిప్ పెట్టిన పంపులో కూడా జీరో కరెక్టుగానే కనిపిస్తుంది. 1930ల నాటి మోసానికి విరుగుడు జీరో. 2020 నాటి మోసానికి అది చాలదు. ఇంకో సంగతి. చిప్ పెట్టించేది నాజిల్ పట్టుకున్న కుర్రాడు కాదు. చాలాసార్లు అతనికి తెలిసే అవకాశం కూడా లేదు. మనం అరిచేది మాత్రం అతని మీదే.

మరి ఏం చేయాలి? అరవకుండా అడగాలి. ఇవి ఏ బంకులోనైనా మీరు అడగొచ్చు.

ఐదు లీటర్ల పాత్ర: తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉన్న కొలత పాత్ర ప్రతి బంకులో ఉండాలి. మీ ముందే పట్టి చూపించమనొచ్చు. తేడా 25 మిల్లీలీటర్లు దాటకూడదు.

ఫిల్టర్ పేపర్: నాజిల్ మూతి తుడిచి పేపర్ మీద ఒక చుక్క వేయమనండి. మంచి పెట్రోలు అయితే ఆరాక మరక మిగలదు.

డెన్సిటీ: బోర్డు మీద రాసిన అంకెకీ, కొలిస్తే వచ్చే అంకెకీ తేడా మూడు దాటకూడదు.

ముద్ర: పంపులకి ఏటా పరీక్ష చేసి సీలు వేస్తారు. పాత్రలో కొలత తగ్గితే తూనికలు, కొలతల శాఖకి ఫిర్యాదు చేయండి. వీడియో కంటే అదే ఎక్కువ పనిచేస్తుంది.

వారం తర్వాత

వారం తర్వాత అదే బంకుకి వెళ్లాను. ఆ కుర్రాడు ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు, చూపు పక్కకి తిప్పుకున్నాడు. బండి పక్కన పెట్టి వెళ్లి "తమ్ముడూ, ఆ రోజు నాదే తప్పు. బండిలో ఫ్లోట్ ఇరుక్కుంది" అన్నాను.

"పర్లేదన్నా. రోజుకి ఒకరిద్దరైనా అంటరు" అన్నాడు. కాసేపాగి మళ్లీ తనే చెప్పాడు. "మీరు వీడియో తీస్తరేమో అని భయపడ్డ. పోయిన నెల ఒకాయన తీసి పెట్టిండు. మా ఊర్ల అందరూ చూసిన్రు. కొలత సరిగ్గనే వచ్చింది గానీ, అది ఎవరు పెడ్తరన్నా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నా వెనక తీసిన వీడియోలు ఎక్కడున్నాయో నాకూ తెలీదు.

వెనక హారన్ మోగింది. వాడు నాజిల్ తీశాడు.

"జీరో చూస్కోండి అన్నా."

ఈసారి ఫోన్ జేబులో పెట్టి చూశాను. "చూశా తమ్ముడూ. కొట్టు."